పచ్చబడ్డ గుర్తు

సర్పంచి పదవికి నామినేషన్ వేసిన నిర్మలమ్మకు ఎన్నికల వాళ్లు ఆలుగడ్డ గుర్తు కేటాయించారు. ఆ మాట విన్న ఆమె భర్త రఘుపతి అక్కడే ఆఫీసు మెట్ల మీద కూలబడ్డాడు. ఉంగరం వస్తుందనో, బ్యాటు వస్తుందనో ఆశపడి, ఉంగరం మీద ఒక పాట కూడా రాయించి పెట్టుకున్న మనిషి అతను. ఎదుటి అభ్యర్థి సాలమ్మకు మంచం గుర్తు వచ్చింది. సీటు ఆడవాళ్లకు కేటాయించినది కాబట్టి పోటీ సాలమ్మకూ నిర్మలమ్మకూ మధ్య అని కాగితం మీద ఉన్నది కానీ, ఊరందరికీ తెలుసు, పోటీ రఘుపతికీ సాలమ్మ భర్త ఐలేశానికీ మధ్య.

ఐలేశం మెట్లు దిగుతూ ఆగి, "రఘుపతన్నా, మాది పండుకునే గుర్తు, మీది వండుకునే గుర్తు" అన్నాడు.

రఘుపతి లేచి భార్యను మోటారు సైకిలు ఎక్కించుకున్నాడు. కేతేపల్లి దాటి తమ ఊరి తోవ పట్టాడు. ఊరి మొదట్లో ఉన్న కల్వర్టు దగ్గర బండి ఆపి వెనక్కి తిరిగాడు.

"ఏమే, ఐలేశంగాడు ఇంటింటికి మంచం పంచగల్గుతడా?"

"యాడ పంచుతడు" అన్నది నిర్మలమ్మ.

"మనం ఆలుగడ్డలు పంచొచ్చు."

మర్నాడే సూర్యాపేట నుంచి డీసీఎం వ్యానులో ఆలుగడ్డల బస్తాలు దిగాయి. ఇంటి ముందు టెంటు వేయించి, బల్ల మీద ఆలుగడ్డలను గోపురంలా పేర్పించాడు రఘుపతి. పగలు వాటి మీద ఎండ పడేది. పొద్దు గుంకిన తర్వాత కూడా తోవన పోయేవాళ్లకు గుర్తు కనబడాలని పెద్ద ఫోకస్ లైట్లు పెట్టించాడు. గోనెసంచులు కుట్టే దబ్బనంతో ఆలుగడ్డలు గుచ్చించి ఒక దండ చేయించుకుని, అది మెడలో వేసుకుని ఊరంతా తిరిగాడు. మెడ నొప్పి పుట్టినా తీయలేదు. వెళ్లిన ప్రతి ఇంట్లో ఆలుగడ్డలు దోసిట్లో పోసి, "ఇది తాయిలం గాదు, గుర్తు. యాదికుండాలని ఇస్తున్న" అనేవాడు. తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన టెంటు ముందు నిలబడి, ఇది పంపకమా ప్రచారమా తేల్చుకోలేక, చాలాసేపు గోపురాన్ని చూసి వెళ్లిపోయాడు.

ఊళ్లో రఘుపతి పక్షం వాళ్లు ఆ గడ్డలను వండుకోకుండా దారానికి కట్టి గుమ్మాలకు వేలాడదీశారు. అటూ ఇటూ కానివాళ్లు కిటికీల్లో పెట్టుకున్నారు. ఊరు మొత్తం ఆలుగడ్డలతో నిండిపోయింది. నిర్మలమ్మ పని భర్త పక్కన నిలబడి దండం పెట్టడం. మాట్లాడేదంతా ఆయనే. "మా ఆమె గెలిస్తే మోరీలు కట్టిస్తది" అని ఆయన అంటుంటే, తాను ఏమేం కట్టిస్తుందో ఆమె కూడా అందరితో పాటే వినేది.

వారం తిరగకముందే ఒక పొద్దున వాకిలి ఊడుస్తూ ఆమె గోపురం దగ్గర ఆగింది. పైవరుస గడ్డలు లేత చింతకాయ రంగుకు తిరిగి ఉన్నాయి. ఒకటి తీసి చూస్తే ఎండ తగిలిన వైపు పచ్చ, నీడ వైపు తెలుపు. చీపురు పక్కన పెట్టి భర్తను పిలిచింది.

"గీ గడ్డలు పచ్చగైనయి. ఇగ పంచొద్దు."

రఘుపతి దండ సర్దుకుంటూ చూశాడు. "పచ్చగైతే ఇంకా మంచిది. కూరగాయలు పచ్చగ గాక ఎట్లుంటయి? బీరకాయ పచ్చగ లేదా, బెండకాయ పచ్చగ లేదా?"

"గవి పుట్టుకతోని పచ్చ. ఇవి నిన్న మొన్న పచ్చగైనయి."

"అంటే తాజాగ అయితున్నయి" అన్నాడతను. ఆ మాట అతనికే బాగా నచ్చింది. ఆ రోజు ప్రచారంలో కూడా వాడుకున్నాడు.

ఐలేశానికి ఈ సంగతి తెలియడానికి పూట కూడా పట్టలేదు. మధ్యాహ్నానికల్లా మంచం గుర్తు ఆటో మైకులో కొత్త మాట వచ్చింది. రఘుపతి ఊరికి విషం పంచుతున్నాడని, మంచం మీద ఆరోగ్యంగా పడుకోవాలనుకునేవాళ్లు మంచానికే ఓటెయ్యాలని. ఐలేశానికి కూడా పచ్చబడ్డ ఆలుగడ్డ మంచిదో చెడ్డదో తెలియదు. నోటికొచ్చింది అన్నాడు. అది నిజం కూడా కావడం అతని అదృష్టం.

రఘుపతి బస్టాండు దగ్గరి చాయి హోటల్ ముందు నిలబడి సవాలు చేశాడు. "రేపు పొద్దుగాల ఇదే జాగల, పచ్చ ఆలుగడ్డల కూర పల్లెం నిండ తింట. నాకేమన్నయితే ఓట్లు మంచానికే ఎయ్యిండ్రి. ఏం గాకపోతే ఐలేశం గీ దండ మెడల ఏసుకుని ఊరంత తిరగాలె."

ఐలేశం ఒప్పుకున్నాడు. పొట్టు తీయకుండా వండాలని మటుకు షరతు పెట్టాడు.

ఇంటికి వచ్చి, "రేపు పొద్దుగాల కూర చెయ్యి. పచ్చటివి చూసి ఏరు" అని భార్యకు చెప్పి, రఘుపతి మళ్లీ ప్రచారానికి వెళ్లాడు. నిర్మలమ్మ వంటింట్లో పీట మీద కూర్చుని కూతురు మనస్వినికి ఫోను చేసింది. మనస్విని నార్కట్‌పల్లిలో ఒక దవాఖానలో నర్సు.

మనస్విని సంగతంతా విన్నది. తర్వాత, "దండ ఏసుకున్నడా?" అని అడిగింది.

"ఏసుకున్నడు గని, గది ఇడిసిపెట్టు. పచ్చగైన గడ్డ తింటే ఏమైతది?"

"ఎండ తగిలినా లైటు తగిలినా ఆలుగడ్డ పచ్చగైతదమ్మా. గా పచ్చరంగు ఏం చెయ్యదు. కాని పచ్చగైన కాడ చేదు విషం గూడ పెరుగుతది. ఉడకబెట్టినా పోదు, నూనెల ఏయించినా పోదు. ఏదో జరంత పచ్చ ఉంటే పొట్టు మందంగ తీసి, పచ్చ ఉన్న కాడికి లోతుగ కోసి పారేసి, మిగిలింది వండుకోవచ్చు. మొత్తం పచ్చగైతే, మొలకలొస్తే, నోట్లె చేదు తగిలితే తినొద్దు, పారెయ్యాలె."

"తింటే?"

"వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు. చిన్న పిల్లలకైతే ఇంకా కష్టం."

"మనిషి చస్తడా?"

"బాగ తింటేనే గంత దూరం పోతది" అన్నది మనస్విని. "కాని బాపు బాగనే తింటడు గదమ్మా."

రఘుపతి అన్నానికి వచ్చినప్పుడు నిర్మలమ్మ ఇదంతా చెప్పింది. అతను ముద్ద కలుపుతూ విన్నాడు. "మనస్విని పొద్దంత దవాఖానల ఉంటది. దవాఖానల ఉన్నోళ్లకు మనిషి కనవడడు, రోగమే కనవడుతది. ఎన్కకు పోతే ఐలేశంగాడు నన్ను బతకనిస్తడా? నువ్వు ఫికర్ చెయ్యకు. నా కడుపు గట్టిది."

ఆయన కడుపు గట్టిదే. ఆ సంగతి ఆమెకు తెలుసు. కానీ మాట ఇంకా గట్టిది. కూర వండకపోతే పచ్చిగానైనా తింటాడు. వండితే దవాఖాన. చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు ఆమెకు లోపలి గదిలో గోనెపట్టాల కింద ఇంకా విప్పని బస్తా ఒకటి ఉన్నదని గుర్తొచ్చింది. వెళ్లి మూతి విప్పి చూసింది. చీకట్లో ఉన్న గడ్డలు, వెలుతురు తగలనివి, దిగిన రోజు ఎట్లా ఉన్నాయో అట్లాగే తెల్లగా ఉన్నాయి.

తెల్లవారగానే ఆమె పెరట్లో పాలకూర కోసింది. రోట్లో వేసి దంచి, గుడ్డలో పిండి రసం తీసింది. కొత్తిమీర కూడా కట్టలు కట్టలు నూరింది. తెల్లటి గడ్డలను పొట్టుతోనే ముక్కలు కోసి ఆ రసంలోనే ఉడకబెట్టింది. పోపు పెట్టి దించి చూసుకుంటే, అసలు పచ్చబడ్డ గడ్డల కంటే ఇవే పచ్చగా ఉన్నాయి. పచ్చదనం మరీ ఎక్కువైందేమోనని భయమేసింది. అప్పటికే బయట నుంచి రఘుపతి కేకేస్తున్నాడు.

చాయి హోటల్ ముందు ఊరంతా ఉన్నది. మంచం గుర్తు ఆటో ఒక పక్క, ఆలుగడ్డ గుర్తు ఆటో ఒక పక్క ఆగి ఉన్నాయి. రఘుపతి దండతో కుర్చీలో కూర్చున్నాడు. నిర్మలమ్మ గిన్నె మూత తీయగానే ముందు వరుసలో ఉన్నవాళ్లు వెనక్కి జరిగారు. ఐలేశం కూడా జరిగాడు.

"గింత పచ్చగున్నదేంది?" అన్నాడతను. గొంతు తగ్గింది. "రఘుపతన్నా, మాట మీద అన్న గని, వద్దులే. తినకు."

"భయపడ్డవా?" అన్నాడు రఘుపతి.

ఒక ముసలామె గిన్నె మీదికి వంగి వాసన చూసింది. "పాలకూర వాసన వస్తాందేంది బిడ్డా?"

నిర్మలమ్మ గిన్నె వెనక్కి లాక్కున్నది. రఘుపతే ఆదుకున్నాడు. "అవ్వా, పచ్చగుంటే గదే వాసన వస్తది" అని చెప్పి మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమిలి ఆగాడు. అతని ముఖంలో ఆశ్చర్యం కనిపించింది. బాగున్నది. ఎంత బాగున్నదంటే, పల్లెం నాకి, ఇంకొంచెం వేయమన్నాడు. అది కూడా తిని లేచి నిలబడి, దండతో సహా గిర్రున తిరిగి అందరికీ కడుపు చూపించాడు.

చప్పట్లు మోగాయి. ఐలేశం దండ వేసుకోవడానికి గడువు అడిగాడు, సాయంత్రం దాకా చూద్దామని. నిర్మలమ్మ గిన్నె ఎత్తుకుని ఇంటికి మళ్లింది. పని సాఫీగా అయిపోయిందని ఊపిరి పీల్చుకున్నది. అప్పుడు వెనక నుంచి పక్కింటి మమత వచ్చి కలిసింది. చంకలో రెండేళ్ల బిడ్డ.

"అత్తమ్మా, మంచిగైంది. మా పోరి ఆలుగడ్డ కావాలని రోజూ ఏడుస్తాంది. పచ్చగైనయని పారేద్దామనుకున్న. మామకు ఏం గాలేదు గద, ఇగ పోయి ఏపుడు చేస్త."

నిర్మలమ్మ ఆగిపోయింది. చుట్టూ చూసింది. ఇళ్లకు వెళ్తున్న ఆడవాళ్లు గుమ్మాలకు వేలాడుతున్న ఆలుగడ్డలను తెంపుకుంటున్నారు. ఒకామె కొంగు నిండా వేసుకున్నది. కూర ఎట్లా చేశావు, చింతపండు వేశావా అని ఒకామె దూరం నుంచి అడుగుతోంది.

తన భర్త ఒక్కడిని కాపాడుకోవడానికి ఊరందరికీ పచ్చ గడ్డలు తినొచ్చని చూపించి వచ్చింది తాను. "మమతా, చెయ్యకు. పొయ్యి ముట్టియ్యకు" అన్నది. గిన్నె ఆమె చేతిలో పెట్టి వెనక్కి తిరిగి, తమ ఆటో దగ్గరికి దాదాపు ఉరికింది. డ్రైవరు చాయి తాగుతున్నాడు. నిర్మలమ్మ సీటులో కూర్చుని మైకు చేతిలోకి తీసుకున్నది. ప్రచారం మొదలైనప్పటి నుంచి ఆమె మైకు పట్టడం అదే మొదటిసారి.

"నేను నిర్మలమ్మను మాట్లాడుతున్న" అన్నది. తన గొంతు ఊరి మీద అంత పెద్దగా వినబడితే ఆమెకే బెదురు పుట్టింది. "పచ్చగైన ఆలుగడ్డలు తినకుండ్రి. మా ఆయన తిన్నయి పచ్చగైనయి గావు. లోపల అర్రల దాసిన మంచి గడ్డలకు పాలకూర రసం పట్టించి నేనే వండిన. పచ్చగైన గడ్డలను మీరు ఉడకబెట్టినా విషం పోదు. చిన్న పిల్లలకు అసలే పెట్టకుండ్రి."

డ్రైవరు వచ్చి ఆటో నడిపాడు. మైకు ఎట్లా పట్టుకోవాలో ఆమెకు తెలిసింది కానీ, ఆటో కదలగానే మొదలయ్యే ప్రచారం పాట ఎట్లా ఆపాలో ఇద్దరికీ తెలియలేదు. ఆ మీట పాట పెట్టినవాడికే తెలుసు, అతను నకిరేకల్లులో ఉన్నాడు. అందుకని ఆమె రెండు మాటలు చెప్పగానే పాట అందుకునేది. తినకుండ్రి అని ఆమె అనేది, "ఆలుగడ్డే మన బతుకు, ఆలుగడ్డే మన మెతుకు" అని పాట అనేది. పారెయ్యుండ్రి అని ఆమె అనేది, "ఇంటింటికీ ఆలుగడ్డ" అని పాట అనేది. వాడవాడా తిరిగారు. ఎక్కడ పొయ్యి మీద మూకుడు కనబడితే అక్కడ ఆటో ఆపి, దిగి, లోపలికి పోయి దింపించింది.

తిరిగి బస్టాండు దగ్గరికి వచ్చేసరికి రఘుపతి తోవకు అడ్డంగా నిలబడి ఉన్నాడు. జనం మళ్లీ మూగారు.

"ఏమన్నవు మైకుల?" అన్నాడు.

"ఉన్నదే అన్న."

"నేను పాలకూర తిన్ననా?"

"తిన్నవు."

అతని ముఖం చూస్తే ఆమెకు జాలేసింది. ఓట్లు పోయాయన్న బాధ కాదు అది. "నేను పానానికి తెగించి తిన్ననే" అన్నాడు మెల్లగా. "పెండ్లాంబిడ్డలను తలుసుకుని మొదటి ముక్క నోట్లె పెట్టుకున్న. గదంత ఉత్తదేనా?"

"నువ్వు ధైర్యంగనే తిన్నవు. గడ్డలే మంచియి."

ఐలేశం పక్కనుంచి, "అన్నా, మరి నేను దండ ఏసుకోవాల్నా, వద్దా?" అని అడిగాడు. నిజంగానే తెలియక అడిగాడు. కానీ రఘుపతికి అది ఎకసెక్కంలా వినబడింది. మెడలోని దండ నుంచి అన్నింటికంటే పచ్చటి గడ్డ ఒకటి తెంపి, పచ్చిదే కొరికాడు. మూతి వంకర పోయింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నిర్మలమ్మ చెయ్యి పట్టుకుని లాగుతున్నా వినకుండా, ఆమె ముఖంలోకే చూస్తూ దాన్ని పూర్తి చేసి, ఇంకొకటి తెంపాడు.

"ఎట్లున్నది మామా?" అని జనంలోంచి ఎవరో అడిగారు.

"తియ్యగున్నది" అన్నాడు రఘుపతి.

మధ్యాహ్నం దాటాక సాలమ్మ వాళ్ల వాడలో ప్రచారం చేస్తూ, మోరీల గురించి చెబుతూ చెబుతూ అతను కడుపు పట్టుకుని ఐలేశం అరుగు మీదే వంగిపోయాడు. వాంతి ఆగలేదు. ఆలుగడ్డ ఆటో ఊరి అవతల ఉన్నది. దగ్గర ఉన్నది మంచం ఆటోయే. ఐలేశం, సాలమ్మ కలిసి అతన్ని అందులో పడుకోబెట్టారు. కబురందుకుని నిర్మలమ్మ ఉరికొచ్చి తల ఒళ్లో పెట్టుకున్నది. ఆటో దవాఖాన దాకా "హాయిగా పడుకో, మంచానికే ఓటు వేసుకో" అని పాడుతూనే పోయింది. దాని మీట కూడా ఎవరికీ దొరకలేదు. తోవలో ప్రతి ఊళ్లోనూ జనం బయటికి వచ్చి, మెడలో ఆలుగడ్డల దండతో మంచం గుర్తు ఆటోలో మూలుగుతున్న మనిషిని చూశారు.

దవాఖానలో డాక్టరమ్మ సెలైన్ పెట్టి, "ఏం తిన్నరు?" అని అడిగింది.

రఘుపతి కళ్లు మూసుకునే జవాబు చెప్పాడు. "పాలకూర."

"పాలకూరతోని గిట్ల గాదే."

"మా ఆమె చేసిన పాలకూర" అన్నాడతను.

నిర్మలమ్మ అతని మెడలోని దండ తీసి, గడ్డ ఒకటి డాక్టరమ్మకు చూపించింది. డాక్టరమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, దండ మొత్తాన్ని చెత్తబుట్టలో వేయించింది. దండతో బుట్ట నిండిపోయింది. వరండాలో ఐలేశం ఊరికే కూర్చోలేక, వేరే మండలాల నుంచి వచ్చిన రోగుల బంధువులను మంచానికి ఓటెయ్యమని అడుగుతున్నాడు. సాలమ్మ మాత్రం ఒక ప్లాస్కులో చాయి తెచ్చి నిర్మలమ్మ పక్కన కూర్చున్నది.

"నిర్మలక్కా, నువ్వు మైకుల చెప్పకపోతే మా ఇంట్ల గూడ వండుతుంటిమి" అన్నది తగ్గు స్వరంతో. "మా ఆయినె గడ్డలు తెచ్చిండు. మీ ఆయనకు ఏం గాలేదు గద అని."

పొద్దు గుంకే వేళకు రఘుపతి తేరుకున్నాడు. ఊళ్లో ఇంకెవరికీ ఏమీ కాలేదు.

సాలమ్మ గెలిచింది. తేడా పెద్దగా లేదు, అయినా ఓటమి ఓటమే. లెక్కింపు నుంచి వస్తుంటే ఆ రోజు గిన్నె వాసన చూసిన ముసలామె తోవలో నిర్మలమ్మను ఆపి, చెంపలు నిమిరి, చాలా ప్రేమగా చెప్పింది.

"బిడ్డా, నువ్వు చెప్పినవని, నేను ఆలుగడ్డను ముట్టనన్న ముట్టలే. ఓటు మంచానికేసిన."

నిర్మలమ్మకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "మంచి పని చేసినవు అవ్వా" అన్నది.

రఘుపతి కొన్నాళ్లు ఆమెతో అవసరానికి మించి మాట్లాడలేదు. పెరట్లో పాలకూర మడి వైపు కూడా చూడలేదు. ఈలోపు ఆడవాళ్లు రావడం మొదలైంది. మొదట మమత మొలకలొచ్చిన ఉల్లిగడ్డలు తెచ్చి తినొచ్చా అని అడిగింది. మర్నాడు ఇంకొకామె బూజు పట్టిన మామిడికాయ తొక్కు సీసాతో వచ్చింది. ఒకాయన కంపు కొడుతున్న కొబ్బరి చిప్ప పట్టుకొచ్చాడు. తెలిసింది ఆమె చెప్పేది. తెలియనిది మనస్వినికి ఫోను చేసి కనుక్కుని చెప్పేది. తినొచ్చంటే తినేవాళ్లు, పారెయ్యమంటే పారేసేవాళ్లు. అరుగు మీద కూర్చున్న రఘుపతి, వచ్చినవాళ్లను వరసలో కూర్చోబెట్టడం తన పనిగా పెట్టుకున్నాడు. అట్లా మాటలు కలిశాయి.

ఒక పొద్దున సర్పంచి సాలమ్మే వచ్చింది. చేతిలో సగం కోసిన సొరకాయ. వరసలో కూర్చోమని రఘుపతి అన్నాడు. ఆమె కూర్చున్నది.

తన వంతు వచ్చాక, "చేదున్నట్టు అనిపిస్తాంది అక్కా. ఉప్పేసి పిండితే పోతదంటుండ్రు" అన్నది సాలమ్మ.

నిర్మలమ్మ చిన్న ముక్క నాలుక కొసకు తాకించి, వెంటనే ఉమ్మి, నోరు పుక్కిలించి వచ్చింది. "చేదు సొరకాయ మస్తు చెడ్డది. బర్రెకు గూడ ఎయ్యొద్దు. పెంటకుప్పల పాతిపెట్టాలె, పా."

ఇద్దరూ ఊరి చివరి పెంటకుప్ప వైపు నడిచారు. సాలమ్మ రెండు చేతులతో సొరకాయ పట్టుకుని ముందు, నిర్మలమ్మ పార పట్టుకుని వెనక. కొత్త సర్పంచి, ఓడిన మనిషి కలిసి పోతుంటే ఏదో పెద్ద పనే అనుకుని ఒకరిద్దరు వెంట నడిచారు. వాళ్లను చూసి ఇంకొందరు వచ్చారు. చాయి హోటల్ ఖాళీ అయింది. ఐలేశం కూడా చెప్పులు వేసుకుంటూ వచ్చి కలిశాడు. ఎవరూ ఏమీ అడగలేదు. నిర్మలమ్మ గుంత తవ్వింది. సాలమ్మ సొరకాయను అందులో పెట్టింది. మట్టి కప్పడం అయ్యేదాకా అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఒకాయన తలపాగా తీశాడు.

కాసేపటికి వెనక నుంచి ఎవరో దగ్గి, "ఇగ పోవచ్చునా?" అని అడిగారు.

"పోవచ్చు" అన్నది నిర్మలమ్మ. అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు.